డెబ్బై ఆరు 'మేము'లు

రెండు వేల పదమూడో సంవత్సరం, మే నెల పదహారో తేదీ, గురువారం. పొద్దుటినుంచీ ఎండగా ఉన్న రెడ్‌కార్ అనే ఊరి మీదికి మధ్యాహ్నం పన్నెండు దాటాక సముద్రం మంచును తోలింది. టీస్ నది కడలిలో కలిసే ఆ మూలన వేసవి మొదట్లో ఇది ఏటా ఉన్నదే. రెండు మైళ్ళు లోపలికి వెళితే జనం చొక్కాలు విప్పుకుని పెరటి తోటల్లో కూర్చుని ఉంటారు. ఒడ్డువీధిలో మాత్రం ఎదురింటి తలుపు ఏ రంగో చెప్పలేం. ఆ తెల్లదనానికి ముక్కు ఆనించినట్టు నిలిపిన కారులో, స్టీరింగుకీ పొట్టకీ మధ్య ఒక కాగితం పట్టుకుని, గ్లెన్ గార్బట్ దాన్ని మూడోసారి చదువుతున్నాడు. భార్య లొరైన్ కట్టిచ్చిన హామ్ రొట్టె పక్కసీటులో విప్పకుండానే ఉంది.

కాగితం కాలేజీనుంచి వచ్చింది. "మీరు సమర్పించిన ప్రాజెక్టు నివేదికలోని పని మీ స్వంతమేనని పరీక్షకులు నిర్ధారించలేకపోయారు. కావున వచ్చే గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు వారి ఎదుట హాజరు కాగలరు." ఈ 'కాగలరు' అన్న క్రియ ఒక వింత. శక్తిని తెలిపే రూపంలో ఉంటుంది, ఆజ్ఞ చేస్తుంది. హాజరు కాలేనివారి గతి ఏమిటో దాని కింది వాక్యంలో ఉంది: నివేదిక తిరస్కరింపబడును.

నివేదిక పోతే డిగ్రీ పోతుంది. డిగ్రీ అంటే పూర్తి డిగ్రీ కాదు. ఇంజనీరింగులో ఫౌండేషన్ డిగ్రీ. పూర్తి పట్టాకు ఒక మెట్టు కింద ఆగేది. ఉద్యోగం వదలకుండా వారానికి ఒక పగలూ ఒక సాయంత్రమూ చొప్పున మూడేళ్ళు లాగితే వచ్చేది. లాగటం అన్న క్రియను ఇక్కడ అలంకారం కోసం వాడలేదు. నలభై ఏడేళ్ళ మనిషి, పదహారో ఏట పంపుల కార్ఖానాలో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనపరేకుల మీద మోకాళ్ళూని పనిచేసిన మనిషి, ఆ మోకాళ్ళతో కాలేజీ మూడో అంతస్తుకు ఎక్కటాన్ని మరో మాటతో చెప్పలేం.

మోకాళ్ళవల్లనే ఈ చదువంతా వచ్చిపడింది. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు వెలుగుకు ఎత్తి చూపించి, కుడిది అయిపోయిందనీ, ఎడమది దాని వెనకాలే వస్తోందనీ, ఇక వంగి చేసే పని వద్దనీ చెప్పాడు. కార్ఖానా మేడమీద ప్లానింగ్ గది ఉంది. ఏ యంత్రాన్ని ఎప్పుడు విప్పాలో, ఏ సామాను ఎప్పుడు తెప్పించాలో అక్కడ కూర్చుని నిర్ణయిస్తారు. ఆ గదిలో ఒక కుర్చీ ఈ సెప్టెంబరులో ఖాళీ కానుంది. అది గ్లెన్‌దేనని యజమానులు మాట ఇచ్చారు, డిగ్రీ కాగితం చూపిస్తే. చూపించకపోతే, వంగలేని ఫిట్టరుకు ఆ కార్ఖానాలో వేరే చోటు లేదు.

మూడేళ్ళలో అతను కాలేజీలో చదివినదానికన్నా ఈ కారులో చదివింది ఎక్కువ. ఇంట్లో టీవీ ఉంటుంది, కూతుళ్ళు వస్తూ పోతూ ఉంటారు, పైగా తండ్రి లెక్కలు చేస్తుంటే వాళ్ళకు నవ్వొస్తుంది. అందుకని గురువారం క్లాసుకు ముందు ఒక గంటా, శనివారం పొద్దున రెండు గంటలూ సముద్రానికి ఎదురుగా కారు ఆపుకునేవాడు. చలికాలం ఊపిరికి అద్దం మసకబారితే దానిమీదే వేలితో సమాకలనాలు గీసి చూసుకునేవాడు. అవి ఆరిపోయేవి. మర్నాడు లొరైన్ కారెక్కి ఊపిరి వదిలితే, ముందురోజు లెక్కలన్నీ అద్దం మీద మళ్ళీ తేలేవి.

"ఏమిటీ గీతలు? ఎవత్తె పేరు రాశావు?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

"అది ఇంటిగ్రల్. తలా తోకా వంకరగా ఉంటుంది."

"అయితే నా పేరే రాశావన్నమాట," అని చీపురులాంటి ఆ అద్దపు బ్రష్షుతో తుడిచేసింది.

ఆదివారం ఉదయాలు వంటింటి బల్ల దగ్గర. ఒక కుర్చీలో తను, ఎదుటి కుర్చీలో కుడికాలు, కాలిమీద ఫ్రిజ్జులోంచి తీసిన గడ్డకట్టిన బఠాణీల సంచి. బఠాణీలు కరిగేదాకా చదువు. కరిగాక వాటిని మళ్ళీ లోపల పెట్టి, మొక్కజొన్న గింజల సంచి తీసేవాడు. క్లాసులో మాత్రం నిద్ర ఆగేది కాదు. తన సగం వయసున్న పిల్లల మధ్య, చెంపమీద పెన్ను గీత పడేలా, కళ్ళు తెరిచే నిద్రపోవటం నేర్చుకున్నాడు. అలసట అనేది పడుకుంటే పోతుందని లోకం అనుకుంటుంది. పోయే అలసటను బడలిక అంటారు. పోనిదానికి మన నిఘంటువులు వేరే మాట ఇవ్వలేదు.

కాలేజీ ఉత్తరం దాకా తెచ్చిన ఈ 'మేము' గొడవకు మూలం మొదటి సంవత్సరంలోనే ఉంది. సాంకేతిక నివేదికలు ఎలా రాయాలో చెప్పిన టీచరు మిసెస్ థర్ల్‌వెల్. ఆవిడ ఆ ఊరి పిల్లే. ఉక్కు కార్ఖానాలో కొలతలు తీసే ఉద్యోగం చేసి, తరవాత పాఠాలు చెప్పటానికి వచ్చింది. బోర్డు మీద 'నేను' అని రాసి, దానికి అడ్డంగా గీత కొట్టింది.

"నివేదికలో నేను అనేవాడు ఉండడు. 'నేను బేరింగు విప్పాను' అనేది డైరీ. 'బేరింగు విప్పబడినది' అనేది ఇంజనీరింగు. రాసుకోండి."

"ఎవరు విప్పారు మేడమ్?" అన్నాడు గ్లెన్.

"అది అనవసరం, గ్లెన్."

"విప్పినవాడి మోకాళ్ళకు అవసరమే కదండీ."

పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. కాని నియమం మారలేదు.

కర్మణి ప్రయోగాన్ని చూసి అతను బెదరటంలో తప్పేమీ లేదు. మన తెలుగుకూ అది అద్దెకు తెచ్చుకున్న చొక్కాయే. 'నాచేత అన్నం తినబడినది' అని ఏ బిడ్డా ఏ తల్లికీ చెప్పి ఉండదు. పాఠ్యపుస్తకాల్లోనూ కోర్టు కాగితాల్లోనూ తప్ప ఈ 'బడు'కు మన నోట చోటు లేదు. ఉన్నదల్లా కింద పడటమే, కష్టపడటమే. గ్లెన్‌కు ఆ వాక్యాలు దయ్యాల కొంపలా తోచాయి. బేరింగు విప్పబడుతుంది, కొలవబడుతుంది, బిగింపబడుతుంది. గదిలో మనిషి మాత్రం కనపడడు. అలా రాయటానికి చెయ్యి రాలేదు. 'నేను' రాయకూడదు. మిగిలినదేమిటి? కార్ఖానాలో చేరినప్పటినుంచీ నాలుకమీద ఉన్న మాట, 'మేము'. మూడో సంవత్సరం ప్రాజెక్టును ఆ మాటతో రాశాడు.

కార్ఖానాలో ఆ మాటకు ఒక కట్టుబాటు ఉంది. టీ కాచుకునే మూలన గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. ఎవడైనా నోరుజారి 'నేను బాగుచేశాను' అన్నాడంటే, వాడి పేరు ఆ బల్ల మీదికి ఎక్కుతుంది. ఆ వారమంతా తొమ్మిదిమందికీ వాడే టీ పెట్టాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలిస్తే వాళ్ళ పేరే బల్లమీదికి ఎక్కి ఉండేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో గ్లెన్ ఒక్కసారే ఎక్కాడు, పందొమ్మిదో ఏట. ఆ తరవాత యంత్రం కింద ఒంటరిగా పడుకుని ఉన్నా, "మాకో స్పానరిలా పడెయ్," అనే అడిగేవాడు. అక్కడ అందరూ అలాగే అడుగుతారు. ఇచ్చేవాడు ఒక్క స్పానరే ఇస్తాడు.

మర్నాడు శుక్రవారం, టీ వేళ, గ్లెన్ ఆ ఉత్తరాన్ని హ్యూగిల్‌కు చూపించాడు. హ్యూగిల్‌కు అరవై ఒకటి. ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ పక్కపక్క బల్ల. అతను కళ్ళజోడు నుదుటిమీదినుంచి దించుకుని, చదివి, మళ్ళీ నుదుటిమీదికి నెట్టాడు.

"దొంగతనం చేశావంటున్నార్రా ప్రొఫెసరూ."

"దొంగతనమని లేదందులో."

"స్వంతం కాదంటే ఇంకేమిటి? ఎవరి సొమ్ము కొట్టేశావు?"

గ్లెన్ ఉత్తరాన్ని మడిచాడు. హ్యూగిల్ టీ గుక్క మింగి, కప్పులోకి చూస్తూ అన్నాడు:

"నా పేరు నీ బడిపుస్తకంలో ఎక్కించలేదు కదా?"

"ఎక్కించొద్దన్నావు కదా. ఎక్కించలేదు."

"మంచిది. మరింకేం భయం నీకు?"

భయమంతా అక్కడే ఉందని గ్లెన్ చెప్పలేదు. ప్రాజెక్టు నాలుగో నంబరు పంపు గురించి. ఏడాదికి పైగా, పదకొండు వారాలకోసారి, దాని బేరింగు కాలిపోయేది. కొత్తది వేసేవాళ్ళు, మళ్ళీ కాలేది. చివరికి తేలిందేమిటంటే తప్పు బేరింగుది కాదు. పంపు నిలబడిన దిమ్మెకు నాలుగు పాదాలు. వాటిలో ఒకటి నేలకు ఆనటం లేదు, వెంట్రుకవాసి. టీకొట్టు బల్లకు ఒక కాలు పొట్టిదైతే అందరికీ తెలుస్తుంది, టీ ఒలుకుతుంది గనక. ఇనప దిమ్మె అయితే బోల్టు బిగించగానే ఆ పాదం నేలకు లొంగుతుంది, దానితోపాటు దిమ్మె మెలిపడుతుంది, ఆ మెలి పైనున్న బేరింగు ప్రాణం తీస్తుంది. పలచటి రేకులు కోసి ఆ పాదం కింద పెట్టారు. అంతే, పంపు నెమ్మదించింది. పెట్టారు, అంటే ఎవరు? నివేదికలో 'మేము' పెట్టాం అని ఉంది.

తరవాతి గురువారం గ్లెన్ మంచి కోటు వేసుకుని మూడో అంతస్తు ఎక్కాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడమీది నోటీసులు చదువుతున్నట్టు నిలబడ్డాడు. గదిలో ఇద్దరున్నారు: ఒకరు మిసెస్ థర్ల్‌వెల్; రెండోవారు ఆ దేశపు దక్షిణాదినుంచి వచ్చిన విశ్వవిద్యాలయపు పరీక్షకుడు డాక్టర్ ఆర్డెన్. నెమ్మదైన మనిషి. నివేదిక అంచుల నిండా పసుపు చీటీలు అంటించుకుని కూర్చున్నాడు.

"మిస్టర్ గార్బట్, పని చాలా బాగుంది. నా ఇబ్బంది ఒక్కటే. ఈ 'మేము' ఎవరు?"

"మేమేనండి."

"అంటే ఎంతమంది?"

గ్లెన్ నిజాయితీగా ఆలోచించాడు. "ఎక్కువచోట్ల ఒక్కడేనండి. కొన్నిచోట్ల ఇంకొకతను."

"ఒక్కరే అయితే 'నేను' అని ఉండాలి కదా?"

"'నేను' అనొద్దని మేడమ్ చెప్పారండి."

"కర్మణిలో రాయమన్నాను, గ్లెన్," అంది ఆవిడ, కిటికీ వైపు చూస్తూ. "బహువచనంలో రాయమనలేదు." తరవాత ఆవిడకు ఏదో తట్టింది. "డాక్టర్ ఆర్డెన్, ఒక్క నిమిషం. గ్లెన్, ఇవాళ మీకు రొట్టె ఎవరు కట్టిచ్చారు?"

"మా ఆవిడండి."

"విన్నారా? ఇతనికి భార్య ఒక్కతే, ఆవిడకు ఇతనొక్కడే. నాకు ఇద్దరూ తెలుసు. అయినా 'నా' అని ఒకసారైనా అనడు. ఈ ఒడ్డున ఎవరూ అనరు. మా నాన్నా అనలేదు."

తెలుగువాడికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. 'నా భార్య' అంటే మనవాడు సాక్షి బోనులో ఉన్నాడని అర్థం. 'మా ఆవిడ' అంటేనే కాపురంలో ఉన్నట్టు. ఆ 'మా'లో ఎంతమందని ఎవరూ అడగరు. పైగా మనకు ఇంకో సౌకర్యం ఉంది: వింటున్నవాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. ఆ దేశపు భాషకు ఈ రెంటికీ కలిపి ఒకటే మాట, పాపం. కలుపుకున్నారో వదిలేశారో ముఖం చూసి తెలుసుకోవలసిందే. కాగితానికి ముఖం ఉండదు.

డాక్టర్ ఆర్డెన్ నవ్వాడు గాని, నవ్వాక పెన్ను మూత తీశాడు. "మాట అర్థమైంది. పని ఎవరిదో ఇంకా అర్థం కాలేదు. మూడు వారాలు ఇస్తాను. ప్రతి 'మేము' దగ్గరా తేల్చి రాయండి: 'నేను' అయితే 'నేను', ఇంకొకరైతే వారి పేరు. కర్మణి నియమాన్ని మీకు సడలిస్తున్నాను. పేరున్న మనిషి సంతకం కావాలి. మీ వంతు తగినంత ఉందనుకుంటే, ప్యాసు."

"తగినంత అంటే ఎంతండి?"

"చదివితే తెలుస్తుంది," అన్నాడాయన. మాట కఠినంగా లేదు. అదే గ్లెన్‌ను ఎక్కువ భయపెట్టింది.

శనివారం సముద్రం ఎదుట కూర్చుని లెక్కపెట్టాడు. నివేదికలో 'మేము'లు డెబ్బై ఆరు ఉన్నాయి. నీలం పెన్సిలు తనకు, ఎర్రది హ్యూగిల్‌కు. సులువైన పనే అనుకున్నాడు. మొదటి పేజీలోనే చెయ్యి ఆగింది. 'పంపును ఆపి, షాఫ్టును చేత్తో తిప్పి చూశాము.' అది తనే. నీలం. 'స్క్రూడ్రైవరు కొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టి విన్నాము.' అది హ్యూగిల్. ఆ రోజు హ్యూగిల్ చెవి దగ్గరనుంచి పిడి తీసి, "ఏడుస్తున్నది ఇది కాదురా, దీన్నెవరో గిల్లుతున్నారు," అన్నాడు. ఆ ఒక్క మాటతోనే అంతా బేరింగు వదిలి దిమ్మెవైపు చూశారు. ఎర్ర పెన్సిలు ఎత్తి, మళ్ళీ దించాడు గ్లెన్. అది హ్యూగిల్‌కు ఇచ్చేస్తే, నివేదిక గుండెకాయ ఇచ్చేసినట్టే. తనకు మిగిలేది కొలతలు, కొలతలు, కొలతలు.

ఆదివారం, బఠాణీల సంచి కింద, లొరైన్‌తో అన్నాడు.

"అన్నీ 'నేను' అని రాసెయ్," అంది ఆవిడ, చొక్కా ఇస్త్రీ చేస్తూ. "ఎవరు చూడొచ్చారు?"

"హ్యూగిల్ చూడొచ్చాడు."

"అతనే కదా పేరొద్దన్నాడు. కోరినదే ఇస్తున్నావు."

"పేరొద్దన్నాడు. పని తనది కాదనలేదు."

ఆవిడ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి అతని వైపు చూసింది. మూడేళ్ళలో ఎప్పుడూ అనని మాట అప్పుడంది. "గ్లెన్, నువ్వు మెట్లు దిగేటప్పుడు కూర్చుని దిగుతున్నావు. నేను చూడలేదనుకుంటున్నావు. నాకు ఆ కుర్చీ కావాలి. నీతి నాకూ ఉంది గాని, ముందు నాకు ఆ కుర్చీ కావాలి."

బఠాణీలు కరిగిపోయి సంచి మెత్తబడింది. లేచి మార్చుకునే ఓపిక లేక అలాగే ఉంచుకున్నాడు. బల్లమీద రెండు పెన్సిళ్ళున్నాయి. చాలాసేపటికి, కార్ఖానాలో దొర్లిపోయిన నట్టును కాలితో వెతుక్కునే మనిషిలా, చూడకుండానే చెయ్యి చాచి ఎర్రదాన్ని అందుకున్నాడు.

రెండు వారాలు పట్టింది. తేలిన లెక్క ఇది: తనవి అరవై ఒకటి, హ్యూగిల్‌వి పదకొండు. నాలుగు మిగిలాయి. వాటిని ఎంత తవ్వినా ఏ రంగూ పడలేదు. సిగరెట్టు చుట్టుకునే పలచటి కాగితాన్ని ఆ పాదం కింద జొనిపి, అది సునాయాసంగా దూరటం చూసి, తప్పు దొరికిందని తెలుసుకున్న క్షణం అందులో ఒకటి. కాగితం హ్యూగిల్ జేబులోది. జొనిపింది గ్లెన్ వేళ్ళు, ఎందుకంటే అప్పుడు కింద పడుకుని ఉన్నది గ్లెన్. జొనిపి చూద్దామని ముందు అన్నది ఎవరు? ఇద్దరూ ఒకేసారి అన్నట్టు గుర్తు.

సోమవారం కాగితాలు హ్యూగిల్ ముందు పెట్టాడు. తిడతాడనుకున్నాడు. హ్యూగిల్ కళ్ళజోడు దించుకుని, టీ చల్లారిపోయేదాకా, ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివాడు.

"పేరొద్దన్నాను కదరా."

"ఒద్దన్నావు. పెట్టాను."

"ఏడో పేజీ చూడు. 'దిమ్మెను రసమట్టంతో సరిచూసినది హ్యూగిల్.' నేనెక్కడ చూశాను? ఆ రోజు నేను పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను."

"నువ్వే చూశావు. పళ్ళ డాక్టరు మర్నాడు."

"పన్ను నాదా నీదా?"

"పన్ను నీదే. మట్టం కూడా నీదే."

"నీకు కుర్చీ కావాలా ఒద్దా? ఇలా పంచిపెట్టుకుంటూ పోతే నీకు మిగిలేది టీ కప్పే."

"కావాలి," అన్నాడు గ్లెన్. ఆ మాటలో ఉన్న అలసటను చూసి హ్యూగిల్ ఇక ఎగతాళి చేయలేదు. చివరి పేజీకి తిప్పాడు. అక్కడ నాలుగు వాక్యాలు అలాగే ఉన్నాయి, కింద ఒక చిన్న గమనికతో: 'ఈ నాలుగు చోట్ల మేము అనగా హ్యూగిల్, నేను. ముందు ఎవరికి తోచినదో మా ఇద్దరికీ తెలియదు.'

"ఇది మాత్రం సరిగ్గా రాశావు," అని సంతకం చేశాడు. చేసి, లేచి, నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సుద్దముక్కతో అందరూ చూసేలా రాశాడు: గార్బట్, అరవై ఒక్క వారాలు.

"ఏమిటది?" అన్నాడు గ్లెన్.

"అరవై ఒక్కసార్లు 'నేను' అన్నావు, అచ్చులో. చట్టం చట్టమే, ప్రొఫెసరూ. పాలు కొంచెం ఎక్కువ పొయ్యి."

జూన్ నెలాఖరులో ఫలితం వచ్చింది. ప్రాజెక్టుకు నలభై ఏడు మార్కులు, నలభైకి ప్యాసు. వచ్చినవి సరిగ్గా తన వయసంత. డాక్టర్ ఆర్డెన్ అంచున ఒక్క వాక్యం రాశాడు: 'తన వంతు ఎంతో తెలిసిన మనిషి నివేదిక ఇది, మార్కులు పనికి, గౌరవం తక్కినదానికి.' గౌరవానికి ఆ పట్టికలో గడి లేదు.

గ్లెన్ ఇంటికొచ్చి కాగితాన్ని లొరైన్ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చదివి, మడిచి, తన జేబులో పెట్టుకుని, బయటికి వెళ్ళి అతనికి ఇష్టమైన చీజు పోసి వేయించిన కోడిమాంసం పలకను అట్టపెట్టెలో కొని తెచ్చింది. తెచ్చేసరికి సోఫాలో, కోటు విప్పకుండా, కాళ్ళు చాపి నిద్రపోయి ఉన్నాడు. ఆవిడ లేపలేదు. పెట్టెమూత తెరిచి అంచు ఒకటి తుంచుకుని తిని, మిగిలింది పళ్ళెంతో మూసి ఉంచింది. సెప్టెంబరు మొదటి సోమవారం అతను మేడమీది కుర్చీలో కూర్చున్నాడు.

మిసెస్ థర్ల్‌వెల్ పదవీ విరమణ చేసి విట్బీ అనే ఊరికి వెళ్ళిపోయింది. అక్కడి ఇంటికి నాలుగేళ్ళ తరవాత ఒక ఉత్తరం వచ్చింది. ఆవిడ దాన్ని వ్యాకరణ పుస్తకంలో దాచుకుంది, సర్వనామాల ప్రకరణంలో.

రెడ్‌కార్,
2017 అక్టోబరు 8, ఆదివారం.

మిసెస్ థర్ల్‌వెల్ గారికి,

మీరు కులాసా అనుకుంటాను. మీ కొత్త చిరునామా కాలేజీవాళ్ళు ఇచ్చారు. ఏ పనిమీద రాస్తున్నాననుకుంటారేమో, పనేమీ లేదు. ఒక లెక్క ముగిసింది, దాని మొదలు తెలిసినవాళ్ళు మీరే గనక మీకు చెప్పాలనిపించింది.

ఆ అరవై ఒక్క వారాల టీ గుర్తుందా? నిన్నగాక మొన్న శుక్రవారంతో ముగిసింది. అరవై ఒక్క వారాలంటే ఏడాది పైచిలుకే కదా, నాలుగేళ్ళెందుకయిందని మీరడుగుతారు. తొమ్మిదిమందిలో ఒక్కడు సెలవు పెట్టినా ఆ వారం చెల్లదన్నాడు హ్యూగిల్. ప్రభుత్వ సెలవొస్తే చెల్లదు. టీ పలచన అయితే చెల్లదు. నాకు రెండు మోకాళ్ళూ మార్చిన ఏడాదైతే మొత్తం ఎగిరిపోయింది. రోజూ పదింటికి మేడమీదినుంచి దిగి, టీ పెట్టి, ఎక్కేవాణ్ణి. దిగకపోతే ఎవరూ ఏమీ అనరు, ఇప్పుడు నేను కుర్చీ మనిషిని. కాని దిగేవాణ్ణి. మొదటి ఏడాది ఒక్కొక్కసారి ఆ మెట్ల మీద కూర్చుని, ఇదంతా ఎందుకొచ్చిన చదువురా అనుకున్న రోజులున్నాయి. కుర్చీలో కూర్చోవటం నేననుకున్నంత సుఖం కాదు మేడమ్. ఒళ్ళు ఊరుకుంటుంది, బుర్ర ఊరుకోదు. అయినా కూర్చున్నాను. మెట్లు ఇప్పుడు నిలబడే దిగుతున్నాను.

నాలుగో నంబరు పంపు ఇంకా ఆ రేకుల మీదే నిలబడి ఉంది. మేం మళ్ళీ ముట్టుకోలేదు.

హ్యూగిల్ ఈ నెలాఖరుకు మానేస్తున్నాడు. శుక్రవారం నా ఆఖరి కప్పు తాగి, బల్లమీద నా పేరు తుడిచేస్తాడనుకుంటే, తుడవకుండా నిలబడ్డాడు. "ఇంకా నాలుగున్నాయి," అన్నాడు. నాకర్థం కాలేదు. "ఆ నాలుగు 'మేము'లురా. ఎవరివో తేలలేదు కదా. చెరి రెండు." నేను నా రెండు వారాలు పెడతాను సరే, నీవెప్పుడు పెడతావు, నీకున్నదే మూడు వారాలు కదా అన్నాను. రేపే మొదలుపెడతానన్నాడు. రేపు శనివారమన్నాను. అయితే ఇప్పుడే అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళలో హ్యూగిల్ కెటిల్ ముట్టుకోవటం నేను చూడలేదు.

మా ఆవిడ మిమ్మల్ని అడిగానని చెప్పమంది. ఆవిడ ఒక్కతే, డాక్టర్ ఆర్డెన్ గారికి చెప్పండి కనిపిస్తే.

హ్యూగిల్ టీ సంగతి చెప్పి ముగిస్తాను. నీళ్ళు సరిగా మరగలేదు, పాలు ముందే పోశాడు, చక్కెర ఎవరికెంతో ఒక్కరిది కూడా తెలియదు. మిగతావాళ్ళు సింకులో పారబోశారు. మేము తాగాం. ఇక్కడ మేము అంటే నేనొక్కణ్ణే.

ఇట్లు,
గ్లెన్ గార్బట్